సెక్స్ వర్కర్లలో హెచ్‌ఐవీ నివారణ: కమ్యూనిటీ చేతుల మీదుగా కార్యక్రమం నడిపే విధానం

సెక్స్ వర్క్ చేసే మహిళలతో హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం మొదలుపెట్టే సంస్థ, కండోమ్‌ల లెక్కల్లోకి దిగేముందు, నిర్ణయాలు ఎవరు తీసుకుంటారో తేల్చుకోవాలి. కండోమ్ గురించి అసలు తెలియనివారు ఈ వృత్తిలో అరుదు. తెలిసి కూడా వాడించలేకపోవడానికి కారణం, ఎక్కువ డబ్బిస్తానని వద్దనే కస్టమర్ కావచ్చు, ఆ రోజే కట్టవలసిన వడ్డీ కావచ్చు, కొడతాడన్న భయం కావచ్చు. ఏ వీధిలో ఏ కారణం బలంగా పనిచేస్తున్నదో అక్కడి మహిళలకే తెలుస్తుంది. 1992లో కలకత్తాలో సెక్స్ వర్క్ జరిగే సోనాగాచి ప్రాంతంలో డాక్టర్ స్మరజిత్ జానా ప్రారంభించిన కార్యక్రమం ఆ మహిళలనే ఆరోగ్య కార్యకర్తలుగా నియమించింది. 1995 నాటికి వారు దుర్బార్ మహిళా సమన్వయ కమిటీగా సంఘటితమయ్యారు, అదే ఏడాది పొదుపు, అప్పుల కోసం ఉషా సహకార సంఘాన్ని కూడా నెలకొల్పుకున్నారు. అప్పుల ఒత్తిడి తగ్గితే కండోమ్ వద్దన్న కస్టమర్‌ను పంపించివేయడం సులభమవుతుంది కనుక, పొదుపు సంఘం కూడా ఆరోగ్య కార్యక్రమంలో భాగమే.

మొదటి పని మ్యాపింగ్. పని జరిగే చోట్లు, వేళలు, ఏ ఏజెంట్ల ద్వారా లేదా ఫోన్ల ద్వారా కస్టమర్లు వస్తారన్నది అక్కడి మహిళలతో కలిసి తిరిగి నమోదు చేయాలి. పేర్లు, చిరునామాలు ఉన్న పటం పోలీసుల చేతికో ఇంటి యజమాని చేతికో చిక్కితే జరిగే నష్టం కార్యక్రమం చేసే మేలును మించిపోతుంది. అందువల్ల పేర్లకు బదులు కోడ్‌లు వాడి, ఆ కోడ్‌ల జాబితాను విడిగా భద్రపరచాలి. ఏ వివరం రాసుకోవచ్చో, ఏది రాయకూడదో మహిళలే చెప్పాలి.

పీర్ ఎడ్యుకేటర్లను, అంటే తోటివారికి ఆరోగ్య విషయాలు చెప్పే అదే వృత్తిలోని మహిళలను, ఆఫీసు ఎంపిక చేయకూడదు. తోటి మహిళలు తమకు నమ్మకమున్నవారిని ఎన్నుకోవాలి, ఆ పనికి సక్రమంగా జీతం చెల్లించాలి. సేవ పేరుతో ఉచితంగా చేయించుకోవడం దోపిడీయే. భారత జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం సుమారు 60 మంది మహిళలకు ఒక పీర్ ఎడ్యుకేటర్ ఉండాలని లెక్కగడుతుంది. ఆమె తన పరిధిలోని ప్రతి మహిళకూ వారానికి ఎందరు కస్టమర్లు వస్తున్నారో అడిగి అవసరాన్ని అంచనా వేయాలి: వారానికి పదిమంది వచ్చే మహిళకు నెలకు 40కి పైగా కండోమ్‌లు కావాలి, ఆమెకు 20 మాత్రమే అందుతుంటే మిగతా అవసరం ఎలా తీరుతున్నదో ఆరా తీయాలి. బయట కొంటున్నదా, వాడడం లేదా అన్నది ఈ సంభాషణలోనే బయటపడుతుంది. కొత్తగా వృత్తిలోకి వచ్చినవారిని, మద్యం తాగి పనిచేసేవారిని, హింసకు గురవుతున్నవారిని తరచుగా కలవాలి. లేటెక్స్ కండోమ్‌తో నూనె, వాజిలిన్ వాడితే అది చిరిగిపోతుంది కాబట్టి నీటి ఆధారిత లూబ్రికెంట్‌ను కూడా ఇవ్వాలి. కస్టమర్‌ను ఒప్పించే మాటలను ఇద్దరిద్దరుగా అభినయించి సాధన చేయించడం కరపత్రాలకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. ఇంకొక చిక్కు: కస్టమర్లతో తప్పనిసరిగా కండోమ్ వాడే మహిళ, ప్రేమించినవాడితోనో భర్తతోనో వాడకపోవడం సర్వసాధారణం. దీన్ని తప్పుబట్టే స్వరంతో అడిగితే నిజం రాదు.

పరీక్షలు స్వచ్ఛందంగా, ఆమె అంగీకారంతోనే జరగాలి; బలవంతపు పరీక్షలు మహిళలను క్లినిక్‌కు దూరం చేస్తాయి. వైరస్ సోకిన వెంటనే పరీక్షలో తెలియదు, కొన్ని రకాల పరీక్షలకు 90 రోజుల వరకు పట్టవచ్చు. అందుకే నెగెటివ్ వచ్చినవారిని మళ్లీ పిలవాలి. క్రమం తప్పకుండా సుఖవ్యాధుల పరీక్ష, చికిత్స కూడా అక్కడే అందాలి. కండోమ్ చిరిగినా, అత్యాచారం జరిగినా 72 గంటలలోపు, వీలైనంత త్వరగా, హెచ్‌ఐవీ సోకకుండా ఆపే పెప్ మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ మందులు రాత్రివేళ ఎక్కడ దొరుకుతాయో ప్రతి పీర్ ఎడ్యుకేటర్‌కూ తెలిసి ఉండాలి. హెచ్‌ఐవీ సోకకుండా ముందుజాగ్రత్తగా రోజూ వేసుకునే ప్రెప్ మాత్రలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫారసు చేసింది. స్త్రీలకు వాటివల్ల తగిన రక్షణ ఏర్పడడానికి ఏడు రోజులు రోజూ వేసుకోవాలి. ఇదే రక్షణ కోసం ఆరు నెలలకొకసారి తీసుకునే లెనకాపవిర్ ఇంజెక్షన్‌ను అదే సంస్థ 2025లో సిఫారసు చేసింది. మాత్రల డబ్బా ఇంట్లో దాచలేనివారికి ఇది సౌకర్యం. ప్రెప్ ఇతర సుఖవ్యాధులనూ గర్భాన్నీ ఆపదని విడమరచి చెప్పాలి, లేకపోతే కండోమ్ వాడకం సడలిపోతుంది.

హింసపై స్పందన లేని కార్యక్రమాన్ని మహిళలు త్వరలోనే పట్టించుకోవడం మానేస్తారు. ఎప్పుడు పిలిచినా పలికే ఒక ఫోన్, వెంటనే చేరుకునే నలుగురైదుగురు సభ్యుల బృందం, పరిచయమున్న ఒక న్యాయవాది: ఇంతమాత్రం మొదటి నెలలోనే ఏర్పాటు కావాలి. సంచిలో కండోమ్ ఉండడాన్నే వ్యభిచారానికి సాక్ష్యంగా చూసే అలవాటు పోలీసులకు ఉన్నచోట కండోమ్ పంచడమే ప్రమాదమవుతుంది కాబట్టి, స్టేషన్ అధికారులతో మాట్లాడడం వాయిదా వేయరాదు. ఆ సమావేశానికి కమ్యూనిటీ ప్రతినిధులు కూడా హాజరు కావాలి.

పాజిటివ్ అని తేలిన మహిళకు అదే రోజు ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స) మొదలుపెట్టే వీలుందేమో చూసి, మొదటిసారి ఆమె కోరుకున్న పీర్ ఎడ్యుకేటర్‌ను తోడు పంపాలి. క్రమంగా మందులు వాడి రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గి, అలాగే కొనసాగితే, లైంగికంగా ఇతరులకు సోకదు. ఈ సంగతి తెలిసినచోట పరీక్షంటే భయం తగ్గుతుంది. ఆమె ఫలితం ఆమె అనుమతి లేకుండా సంఘంలో ఎవరికీ తెలియరాదు, సంఘం అధ్యక్షురాలికి కూడా.

ప్రతి నెలా నివేదిక నిధులిచ్చేవారికి వెళ్లేముందు, పేర్లు లేని ఆ లెక్కలను మహిళల కమిటీ ముందుంచాలి. కండోమ్‌లు ఎక్కడ తగ్గాయి, ఎవరు కనిపించకుండా పోయారు, బడ్జెట్‌లో ఏ పద్దు పెంచాలి అన్నవి అక్కడే తీర్మానించి, ఆ తీర్మానాలను నివేదికతో జతచేయాలి.