తాళంచెవి లేని చెక్క డబ్బా – 3వ పాఠం: ఇరుక్కున్న మూత

ఈ పాఠంలో మేకు తాళం, అంటే పిడి లోపల దాగి అయస్కాంతం పెడితేనే లేచే మేకు, పెట్టాలి. పెడదాం, కానీ చివర్లో. ముందు ఇరుక్కుపోయిన మూతల సంగతి తేల్చాలి.

పక్క గోడల గాడుల్లో జారే మూత గురించి రెండో పాఠం మే నెలలో రాశాను. అప్పుడు అందరి మూతలూ సర్రున జారాయి. వానలు మొదలయ్యాక ఒక్కొక్కరూ పంపిన ఫోటోలు చూస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకరి బీరువా తాళాలు డబ్బాలోనే ఉండిపోయాయి. ఒకరు సుత్తితో బాది మూతను రెండు చెక్కలు చేశారు. ఇంకొకరు గాడి నిండా కొబ్బరినూనె పోశారు. తప్పులో సగం నాది. "మూత గాడిలో బిగుతుగా కూర్చోవాలి" అని రాసింది నేనే. అది ఎండాకాలంలో చెప్పిన మాట అని కూడా రాసి ఉండాల్సింది.

ఇరుక్కున్న మూతను లాగకండి, కొట్టకండి. డబ్బాను నాలుగైదు రోజులు ఫ్రిజ్ వెనక, వెచ్చటి గాలి తగిలే చోట పెట్టండి. దానంతటదే వదులవుతుంది. ఎండలో మాత్రం పెట్టొద్దు, మూత పడవలా వంగుతుంది. నూనె పోసినవాళ్లు గాడిని పొడిబట్టతో తుడిచి, గరుకు కాగితంతో రుద్దండి. నూనె మీద దుమ్ము పడితే ముద్ద కడుతుంది, పైగా నూనె పీల్చిన చెక్కకు ఫెవికాల్ పట్టదు. గాడికి కావాల్సింది కొవ్వొత్తి. రెండుసార్లు రుద్దితే చాలు.

అసలు సంగతి ఇప్పుడు. దీన్ని మూడుసార్లు చెబుతాను, ఎందుకంటే ఒకసారి చెబితే ఎవరూ వినరు. తేమ తగిలితే చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా ఉబ్బదు. పలక మీద కనిపించే గీతలే నార. నార సాగే దిక్కున చెక్క దాదాపు కదలదు, నారకు అడ్డంగా మాత్రం కదులుతుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వెడల్పులో సుమారు 5 శాతం దాకా కుంచించుకుపోతుంది. పొడవులో తగ్గేది 0.1, 0.2 శాతమే. అంత మంచి కలపే అంత కదిలితే, మామిడి, ప్యాకింగ్ చెక్కల గురించి వేరే చెప్పాలా?

నమ్మకం కలగకపోతే నేను చేసినట్టే చేయండి. ఒకే మామిడి పలక నుంచి 150 మిల్లీమీటర్ల పొడవున రెండు పట్టీలు కోశాను. ఒకదానిలో నార పొడవునా ఉంది, రెండోదానిలో అడ్డంగా ఉంది. రెండింటినీ రాత్రి బకెట్లో వేశాను. పొద్దున స్కేలు పెట్టి చూస్తే మొదటిది అంతే ఉంది. రెండోది 3 మిల్లీమీటర్లు పెరిగింది. పైగా ఆ రెండోదాన్ని చేత్తో తీస్తుంటే బిస్కెట్‌లా పుటుక్కున విరిగింది.

మీ అందరి మూతల్లోనూ నార డబ్బా పొడవునే ఉంది. అలా ఉంటే మూత ఉబ్బేది రెండు పక్కల గాడుల్లోకే. అక్కడ దానికి చోటు లేదు. నారను అడ్డంగా, ఒక గాడి నుంచి ఇంకో గాడికి వెళ్లేలా పెట్టండి. అప్పుడు మూత ఉబ్బినా వెనక్కే పెరుగుతుంది, జారడానికి అడ్డం రాదు. మన 9 అంగుళాల మూతకు వెనక కనీసం 2 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి.

ఇలా చేస్తే తుక్కు చెక్క వాడేవాళ్లకు ఇంకో లాభం కూడా ఉంది. పొడవాటి పలక వెతకక్కర్లేదు. పాత తలుపు రెక్కలోంచి వచ్చిన 5 అంగుళాల పొట్టి ముక్కలు నాలుగైదు పక్కపక్కన అతికిస్తే మూత తయారు. జిగురు ఆరేదాకా ముక్కల్ని నొక్కి పట్టే క్లాంపులు కొనకండి. పాత సైకిల్ ట్యూబును పట్టీగా కోసి గట్టిగా చుట్టండి, రాత్రంతా వదిలేయండి. నా దగ్గర రెండు క్లాంపులున్నాయి, అయినా నేను ట్యూబే వాడతాను.

ముక్కలు ఎండాయో లేదో చేత్తో తడిమి తెలియదు. వంటింటి త్రాసు మీద రోజూ తూచండి. మూడు రోజులు వరసగా బరువు తగ్గకపోతే ఎండినట్టు. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు పొణికి చెక్కను చెక్కే ముందు సన్నటి సెగ మీద ఆరబెడతారు. మనకంత ఓపిక లేకపోయినా త్రాసు ఉంది కదా.

ప్యాకింగ్ చెక్క తెచ్చుకునేవాళ్లు దాని మీద ముద్ర చూడండి. హెచ్‌టీ అంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పట్టించారని అర్థం, వాడొచ్చు. ఎంబీ అని ఉంటే అది మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించిన చెక్క. ఇంట్లోకి తేవద్దు.

ఇక తాళం. చిత్రిక పట్టడం, రంధ్రం నిటారుగా వేయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

మూత మందం 6 మిల్లీమీటర్లు. దాని ముందు అంచు కింద, డబ్బా ముందు గోడకు బయటి వైపు తగిలి ఆగేలా ఒక సన్న పట్టీ అతికించండి. మూతను పూర్తిగా మూసి, ముందు గోడ మందానికి సరిగ్గా నడుమ మూతలోంచి గోడలోకి ఒకేసారి 4 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. గోడలో 6 మిల్లీమీటర్ల లోతు చాలు. విడివిడిగా కొలిచి వేస్తే కలవవు. 3 మిల్లీమీటర్ల లావు మేకును, తల కింద 11 మిల్లీమీటర్లు ఉంచి కోయండి. 12 మిల్లీమీటర్ల మందం ఉన్న పిడి ముక్కలో కింది నుంచి 9 మిల్లీమీటర్ల వెడల్పు, 9 మిల్లీమీటర్ల లోతు గుంట తీయండి. మేకును మూత రంధ్రంలో వేసి, దాని మీద గుంట వచ్చేలా పిడిని అతికించండి. గుంటలో జిగురు పడనివ్వకండి. నాది ఒకటి అలాగే శాశ్వతంగా మూసుకుపోయింది.

డబ్బా మూయగానే మేకు గోడలోకి దిగుతుంది, మూత కదలదు. పాడైన స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని పిడి మీద పెడితే మేకు లేస్తుంది, మూత జారుతుంది. మూసేటప్పుడు కూడా అయస్కాంతం కావాలి. ఫ్రిజ్ స్టిక్కర్ల అయస్కాంతం దీనికి చాలదు. తుక్కు చెక్కలో దాగిన పాత మేకుల్ని కోసే ముందు వెతకడానికీ ఆ స్పీకర్ అయస్కాంతమే పనికొస్తుంది. రంపం పళ్లు మిగులుతాయి. మేకు ముందు అంచునే ఎందుకంటే, మూత ఆగేది అక్కడే, ఉబ్బేది వెనక వైపు. వెనక పెడితే వానాకాలంలో రంధ్రాలు పక్కకు జరిగి మేకు దిగదు.

అభ్యాసం: మీ దగ్గరున్న ప్రతి రకం తుక్కు చెక్క నుంచీ నారకు అడ్డంగా ఒక్కో పట్టీ కోసి, పేరు రాసి, వంటింట్లో వేలాడదీయండి. దసరా దాకా ప్రతి ఆదివారం పొడవు కొలిచి రాసుకోండి. ఆ కాగితం చేతిలో లేకుండా నాలుగో పాఠం మొదలుపెట్టొద్దు. అందులో డబ్బా అడుగు పలక బిగించాలి, అది కూడా ఉబ్బుతుంది.