హార్బర్ నీళ్ళు బాగుపడాలంటే ముందు బోటు అడుగు చూడండి

హార్బర్ శుభ్రం చేద్దాం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆదివారం పొద్దున్నే చేతికి గ్లౌజులేసుకుని, గోనెసంచులు పట్టుకుని జెట్టీ మీద చేరే జనం. ఆ పని కూడా చెయ్యాలి. కానీ నేను విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్లు విప్పి బిగించి బతికేవాణ్ణి. పైన తేలే చెత్త ఎంత ఏరినా నీళ్ళు బాగుపడవని రోజూ కళ్ళారా చూస్తున్నాను. నీటిని చంపేవి మూడు: ఇంజన్లు కార్చే నూనె, కుళ్ళే చేప వ్యర్థం, ఊళ్ళోంచి వచ్చే మురుగు. మొదటి రెండూ హార్బర్ వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి అక్కణ్ణించే మొదలుపెట్టమంటాను. కాకినాడలోనో, నిజాంపట్నంలోనో, గిలకలదిండిలోనో ఈ పని తలపెట్టేవాళ్ళ కోసం మా పద్ధతి రాస్తున్నాను.

ముందు సమయం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరబోట్లన్నీ కట్టేసి ఉంటాయి. యజమానులు ఇంజన్లు విప్పిస్తారు, పాడైన చెక్క మార్పిస్తారు, రంగులేయిస్తారు, వలలు కుట్టిస్తారు. నూనె, రంగు పెచ్చులు, తెగిన వలలు గుట్టలుగా బయటికొచ్చేది ఆ రెండు నెలల్లోనే. మనుషులు తీరిగ్గా దొరికేదీ అప్పుడే. మిగతా రోజుల్లో సోనాబోటు (రోజుల తరబడి వేటకెళ్ళే పెద్ద మరబోటు) వేట నుంచి వచ్చి సరుకు దించిందంటే ఐసు, డీజిలు ఎక్కించుకుని మళ్ళీ వెళ్ళిపోతుంది. సరంగుతో, అంటే బోటు నడిపే పెద్దతో, నిలబడి మాట్లాడే వీలుండదు. కాబట్టి మార్చిలో మాటలు పూర్తి చేసుకోండి, ఏప్రిల్‌లో పని పట్టండి.

మార్చిలోనే ఒక ఉత్తరం రాయండి. మా దగ్గర జెట్టీలు, నీళ్ళు పోర్టు కిందికి వస్తాయి, బోట్ల లైసెన్సులు మత్స్యశాఖవి, చెత్త లారీ జీవీఎంసీది, అంటే విశాఖ నగరపాలక సంస్థది. ఒకే ఉత్తరం మూడు ఆఫీసులకూ ఇచ్చి, మిగతా ఇద్దరికీ ఇచ్చామని ప్రతి కాపీ మీదా రాయండి. మూడింటి ముద్రా వేయించుకోండి. ఏం కావాలో స్పష్టంగా అడగండి: డ్రమ్ములు పెట్టుకోవడానికి జాగా, ఫలానా తేదీన లారీ, ఆ రోజు పనిచేసేవాళ్ళకి గేటు పాసులు. సహకారం కావాలి అని మాత్రం రాస్తే సరేనని బదులొస్తుంది గానీ లారీ రాదు.

బోటువాళ్ళతో మాట్లాడటం ఉత్తరం కంటే ముఖ్యం. పర్యావరణం అని మొదలుపెడితే మర్యాదగా వింటారు, అక్కడితో సరి. పంకా గురించి, అంటే నీళ్ళలో తిరుగుతూ బోటును నెట్టే రెక్కల గురించి, మొదలుపెట్టండి. నీళ్ళలో కొట్టుకొచ్చే నైలాన్ వల పంకాకి చుట్టుకుని నడిసంద్రంలో ఇంజన్ ఆగిపోతే ఏమవుతుందో ప్రతి సరంగుకీ తెలుసు. తర్వాత నూనె సంగతికి రండి. ఒక పెద్ద సరంగు నన్ను అడిగాడు: "ఇంత సంద్రానికి ఓ డబ్బా నూనె ఏటవుతాదిరా?" "సంద్రానికి ఏటవుతాదో గానీ మావా, అది సంద్రం దాకా పోదు. గోడల మధ్య మన బోటు కిందే ఉంటాది" అన్నాను. అది నిజం. అలల నుంచి బోట్లను కాపాడే గోడలే మురికినీ లోపల ఆపేస్తాయి. విశాఖలో ఆటుపోట్ల తేడా ఒకటిన్నర మీటరుకి అటూ ఇటూ. అంత చిన్న పోటుకి మూలల్లోని నీళ్ళు అంత తేలిగ్గా మారవు.

ఇప్పుడు అసలు పని. నూనె.

ఏ బోటైనా ఇంజన్ గది పలక ఎత్తి చూడండి. పంకాని తిప్పే కడ్డీ (షాఫ్టు) బోటులోంచి బయటికెళ్ళే చోట, నీళ్ళు లోపలికి రాకుండా ప్యాకింగ్ తాడు బిగించిన గ్లాండు ఉంటుంది, అక్కడ నీటిచుక్క పడుతూనే ఉంటుంది. అది పడాలి, లేకపోతే ప్యాకింగ్ కాలిపోతుంది. ఇంజన్ కిందనుంచి నూనె చుక్క కూడా పడుతూ ఉంటుంది. రెండూ అడుగున కలిసి నల్లటి నీళ్ళవుతాయి. వాటిని పంపు పెట్టి బయటికి తోడేస్తారు. హార్బర్ మీద రంగురంగుల పొర కనిపిస్తే అందులో చాలావరకు ఇదే. నూనె, నీళ్ళు కలవకుండా చూసుకుంటే సగం పని అయిపోయినట్టే. ఇంజన్ కింద సరిపోయే కొలతకి అంచులు మడిచిన రేకు ట్రే ఒకటి చేయించండి. గ్లాండు నీళ్ళు దాని బయట పడాలి, ఇంజన్ నూనె దానిలో పడాలి. నిషేధం రోజుల్లో ఇంజన్ పైకి లేపినప్పుడే దీన్ని అమర్చడం సులువు.

ట్రే దాటి వచ్చిన నూనెకి బూరుగుదూది వాడండి. బూరుగుదూదికి నీళ్ళంటవు, నూనెను మాత్రం తన బరువుకి ఎన్నో రెట్లు పీల్చుకుంటుంది. మందుల షాపులో దొరికే దూది పనికిరాదు, అది నీళ్ళే తాగుతుంది. సన్నకన్ను పాత వల ముక్కను సంచిలా కుట్టి, బూరుగుదూదిని వదులుగా నింపి (కుక్కితే లోపలిదాకా పీల్చదు), తాడు కట్టి ఇంజన్ వెనక అడుగునీళ్ళలో వదలండి. పైన తేలుతుంది. నల్లగా బరువెక్కాక తీసి, ట్రే మీద పిండి మళ్ళీ వాడుకోవచ్చు. ఇక పనికిరాదనుకున్నాక మూతున్న ఇనుప డబ్బాలో వెయ్యాలి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. 2023 నవంబర్ 19 రాత్రి మా హార్బర్‌లో మంటలు లేచి సుమారు 40 బోట్లు కాలిపోయాయి. డీజిలు, గ్యాస్ సిలిండర్లు, చెక్క, ఎండిన వలలు ఒకదాని పక్కన ఒకటి ఉండే చోటు ఇది. నూనె తాగిన గుడ్డ గానీ దూది గానీ బయట వదలకూడదు.

అడుగునీళ్ళు తోడేటప్పుడు బోటు కనీసం ఒక రాత్రి కదలకుండా ఉన్నాక తోడండి. నూనె పైకి తేలుతుంది, నీళ్ళు కింద ఉంటాయి. పైపు చివర అట్టడుగున పెట్టి తోడుతూ, నూనె జాడ కనిపించే లోపే ఆపేయండి. మిగిలింది డబ్బాలోకి.

ఆయిల్ మార్చడం వేరే సంగతి. బోటు ఇంజన్‌కి కింద డ్రెయిన్ బోల్టు చేతికందదు, అందుకే చాలామంది ఆయిల్‌ను అడుగులోకే వదిలేస్తారు. చేత్తో లాగే చిన్న పంపు గొట్టాన్ని ఆయిల్ కొలిచే కడ్డీ రంధ్రంలోంచి దించి, ఇంజన్ గోరువెచ్చగా ఉండగా లాగితే శుభ్రంగా వస్తుంది. ఇలాంటి పంపు ఒకటి కొని జెట్టీ మీద అందరికీ అందుబాటులో పెట్టండి. పాత ఫిల్టరును రాత్రంతా బోర్లించి ఉంచితే అందులోంచీ ఇంకొంచెం కారుతుంది.

ఆ నూనె పోయడానికి 200 లీటర్ల డ్రమ్ము, డీజిలు పట్టుకునే చోటికి దగ్గర్లో పెట్టండి. వంద అడుగులు దూరమైతే ఎవరూ మోసుకురారు. సిమెంటు నేల, చుట్టూ చిన్న గట్టు, పైన రేకు, జల్లెడ ఉన్న గరాటు, తాళం. పక్కన ఒక పుస్తకం: తేదీ, బోటు నంబరు, ఎన్ని లీటర్లు. వాడేసిన ఇంజన్ ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్ళకే అమ్మాలి. నీళ్ళు, పెయింటు కలిపితే ధర పడిపోతుంది. వచ్చిన డబ్బుకి ప్రతి నెలా అందరి ముందూ లెక్క చెప్పండి.

కొందరు ఆ నూనెనే చెక్క పురుగు పట్టకుండా బోటుకి పూస్తారు. అది కరిగి మళ్ళీ నీళ్ళలోకే వస్తుంది. పూత కావాలంటే మన పెద్దవాళ్ళు వాడిన జీడిపిక్కల నూనె ఉంది, పలాస వైపు దొరుకుతుంది. చేతికి తగిలితే కాలుతుంది, గ్లౌజులతో పుయ్యండి. ఇంకొకటి: నీటి మీద నూనె పొర కనిపించగానే సబ్బుపొడి చల్లేవాళ్ళున్నారు. పొర మాయమవుతుంది, నూనె మాత్రం నీళ్ళలోపలికి కలిసిపోతుంది. చేపపిల్లలకి అది ఇంకా చేటు. ఎవరు చేస్తున్నా ఆపండి.

గట్టుకు లాగిన బోటు గీకేటప్పుడు కింద టార్పాలిన్ పరవండి. పాత రంగులో రాగి, ఇంకా ఏవేవో విషాలుంటాయి. ఆ పెచ్చులు ఊడ్చి సంచికెత్తాలి, నీళ్ళు కొట్టి కడిగేయకూడదు.

చేప వ్యర్థం గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. తలలు, పేగులు, రొయ్య పొట్టు నీళ్ళలో పడితే కుళ్ళుతూ నీటిలోని ఆక్సిజన్ తినేస్తాయి. చేపలు కోసే ఆడవాళ్ళకి మూతున్న డబ్బాలివ్వండి, రోజూ మధ్యాహ్నానికి ఎత్తించండి. దాణా తయారుచేసేవాళ్ళు కొంటారు. ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు చేప వ్యర్థానికి సమానంగా బెల్లం కలిపి మాగబెట్టి పైరుకి పిచికారీ చేస్తారు, వాళ్ళూ తీసుకెళ్తారు. కోసే అక్కలతో మాట్లాడకుండా డబ్బాలు ఎక్కడ పెట్టాలో మీరే నిర్ణయించకండి. వాళ్ళు కూర్చునే చోటు, నీళ్ళు పోసుకునే చోటు వాళ్ళకే తెలుసు.

ప్లాస్టిక్ విషయంలో కేరళవాళ్ళని చూడండి. కొల్లం దగ్గర నీండకర హార్బర్‌లో 2017లో వలలో పడిన ప్లాస్టిక్‌ను మత్స్యకారులు ఒడ్డుకి తేవడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు దాన్ని వేరుచేసి, తురుము చేస్తే రోడ్లలో వాడారు. ప్రతి బోటుకీ ఒక పెద్ద వలసంచి ఇవ్వడమే దీనికి మొదలు. తెగిన నైలాన్ వల కూడా అందులోకే. ఓడల వల్ల సముద్రం పాడవకుండా దేశాలు చేసుకున్న మార్పోల్ ఒప్పందం ప్రకారం ప్లాస్టిక్‌ను, నైలాన్ వలలతో సహా, సముద్రంలో ఎక్కడా పారెయ్యకూడదు.

ఇప్పుడు ఆ ఆదివారం సంగతి. గాలి చెత్తను ఏ మూలకి తోస్తుందో వారం ముందు నుంచి చూసి, ఆ మూలే ఎంచుకోండి. ఫైబర్ తెప్ప ఒకటి, చేతివలలు, కొక్కెం కట్టిన వెదురుగడలు చాలు. ఎవరినీ నీళ్ళలోకి దింపకండి. అడుగున తాళ్ళు, గాజుపెంకులు ఉంటాయి, మునిగిన వలలు శిక్షణ ఉన్న డైవర్లు మాత్రమే తీయాలి. చేతికి గాయం ఉన్నవాళ్ళని ఒడ్డు పని మీద పెట్టండి, ఎలుకల వల్ల వచ్చే జ్వరాలకి హార్బర్ మురికి పుట్టిల్లు. లారీ వచ్చి నిలబడ్డాకే మొదటి సంచి ఎత్తండి. రాత్రికి జెట్టీ మీద వదిలిన సంచుల్ని కుక్కలు చింపేస్తాయి, తెల్లారేసరికి ఆ చెత్త మళ్ళీ నీళ్ళలో ఉంటుంది.

మురుగు మాత్రం మన ఒక్కళ్ళ వల్ల అయ్యేది కాదు. మేహాద్రిగెడ్డ నీళ్ళు లోపలి హార్బర్‌లోకే వస్తాయి, ఊరి కాలువలూ అంతే. అమెరికాలో బోస్టన్ హార్బర్ బాగుపడటానికి 1980ల్లో కోర్టు కేసులు నడిచాయి, డీర్ ఐలండ్‌లో భారీ మురుగుశుద్ధి కేంద్రం కట్టారు, 2000లో శుద్ధి చేసిన నీటిని 15 కిలోమీటర్ల సొరంగంలో బయటి సముద్రానికి పంపడం మొదలుపెట్టారు. మనం చెయ్యగలిగింది సాక్ష్యం పోగు చెయ్యడం. ఏప్రిల్‌లో వాన లేని రోజున, ఆటుకి సముద్రం నీరు తగ్గినప్పుడు, హార్బర్‌లోకి తెరుచుకునే ప్రతి వానకాలువ దగ్గరికీ వెళ్ళండి. వాన లేకుండా పారుతోందంటే అది చాలావరకు మురుగే. ఫొటో, తేదీ, టైము, కాలువ ఎక్కణ్ణించి వస్తుందో రాసి, ఆ మూడు ఆఫీసులకీ ఇవ్వండి. వచ్చే ఏడాది అదే కాలువ దగ్గర అదే ఫొటో మళ్ళీ తియ్యండి.

నీళ్ళు బాగుపడుతున్నాయో లేదో మీరే కొలవచ్చు. స్టీలు పళ్ళేనికి తెల్లరంగు వేసి, కింద బరువు, పైన తాడు కట్టి, తాడుకి పది సెంటీమీటర్లకో ముడి వెయ్యండి. మధ్యాహ్నం పూట, నీడ ఉన్న పక్కన దించండి. పళ్ళెం కనిపించకుండా పోయిన లోతు, పైకి లాగుతుంటే మళ్ళీ కనిపించిన లోతు, రెండింటి సగటు రాసుకోండి. ప్రతి వారం అదే చోట, అదే మనిషి కొలిస్తే మంచిది. ఆక్సిజన్ కొలవడానికి దగ్గర్లోని కాలేజీ ల్యాబును అడగండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో హార్బర్ నీళ్ళకి లీటరుకి 3 మిల్లీగ్రాములైనా ఉండాలి. ఈ అంకెలు వేలం పాడే హాల్లో బోర్డు మీద పెద్దక్షరాలతో రాయండి. తక్కువొచ్చిన వారం కూడా రాయండి.

జూన్ 14 లోపు ప్రతి బోటులో మూడు వస్తువులు ఎక్కాలి: చెత్తకి వలసంచి, కాలిన ఆయిల్‌కి మూతున్న డబ్బా, ఇంజన్ కింద దూదిసంచి. బోటు తిరిగొచ్చినప్పుడు అవి దించుకుని పుస్తకంలో రాసే మనిషి జెట్టీ మీద ఉండాలి, తెల్లవారుజామున సరుకు దిగే వేళకే ఉండాలి. ఊరికే చేసేవాళ్ళతో ఇది నాలుగు రోజులు నడుస్తుంది, అంతే. ఆ మనిషికి నూనె అమ్మిన డబ్బులోంచి నెలనెలా జీతం ఇవ్వండి. చాలకపోతే మిగతాది బోటు యజమానులు తలా కొంచెం వేసుకోవాలి.