షుగర్ ఉన్నవారు ఇంట్లోనే పాదాలను పరీక్షించుకునే తీరు

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య లెక్క ప్రకారం 2024లో ప్రపంచవ్యాప్తంగా 58.9 కోట్ల మంది పెద్దవారికి మధుమేహం ఉంది. 2050 నాటికి ఆ సంఖ్య 85.3 కోట్లకు చేరుతుందని అంచనా. ఈ జబ్బు కళ్లను, మూత్రపిండాలను, గుండెను కూడా దెబ్బతీస్తుంది గానీ, వాటి సంగతి ఆసుపత్రి పరీక్షలలోనే తేలుతుంది. పాదాలను మాత్రం రోజూ మన చేతులతో మనమే చూసుకోవచ్చు.

కందుకూరు దగ్గర పొగాకు చేలో తిరిగి వచ్చిన మా పెదనాన్నగారి అరికాలిలో సర్కారు తుమ్మ ముల్లు రబ్బరు చెప్పును చీల్చుకుని దిగింది. మూడో రోజున గచ్చు మీద రక్తపు మరకలు చూసి పెద్దమ్మ అడిగేదాకా ఆయనకు ఆ సంగతే తెలియదు. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు. రక్తనాళాలు పూడుకుపోయి, పుండు మానడానికి కావలసినంత రక్తం కాలికి అందదు. చుట్ట తాగేవారికి ఈ రెండోది మరింత త్వరగా వస్తుంది, పొగాకు పండించే సీమలో ఈ మాట ఎవరికీ రుచించకపోయినా.

స్పర్శ ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి పరికరమేదీ అక్కరలేదు. షుగర్ ఉన్నవారిని కళ్లు మూసుకోమని, ఇంట్లో మరొకరు వారి రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో ఒకటి రెండు సెకన్ల పాటు తేలికగా తాకాలి. నొక్కకూడదు, గిల్లకూడదు, తెలియలేదన్నచోట మళ్లీ తాకి చూడకూడదు. ఆరుచోట్లలో రెండు లేక అంతకన్నా ఎక్కువచోట్ల తెలియకపోతే స్పర్శ తగ్గినట్లే భావించి వైద్యుడికి చూపించాలి.

రోజూ రాత్రి పడుకోబోయే ముందు వెలుతురులో అరికాళ్లను, మడమలను, వేళ్ల సందులను చూసుకోవాలి. వంగలేనివారు నేల మీద అద్దం పెట్టుకోవచ్చు. కాళ్లు కడిగే నీటి వేడిని మోచేతితో చూసుకుని, కడిగాక వేళ్ల సందులను పొడిగా తుడవాలి. రొయ్యల గుంటలలో పనిచేసేవారికీ, రొట్టెల పండుగకు నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగేవారికీ ఇది మరీ ముఖ్యం. పగిలిన మడమలకు కొబ్బరినూనె రాయవచ్చు గానీ వేళ్ల సందుల్లో రాయరాదు. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోవడం, ఆనెకాయల పట్టీలు అంటించుకోవడం రెండూ ప్రమాదమే.

చెప్పులు సాయంత్రం పూట కొనాలి, ఎందుకంటే అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. వెనుక పట్టీ ఉన్న మెత్తని ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు మంచివి, తొడుక్కునే ముందు వాటిని దులిపి, లోపల చేత్తో తడిమి చూడాలి. ఇంట్లో కూడా వట్టి కాళ్లతో నడవకూడదు. ఎండాకాలం శనివారాలలో మాలకొండ నరసింహస్వామి గుడికి వెళ్లేవారు కాలిన బండల మీద వట్టి కాళ్లు పెట్టకుండా మందపాటి నూలు మేజోళ్లు వేసుకోవాలి. పాదాలు బొబ్బలెక్కించుకొమ్మని ఏ దేవుడూ అడగడు.

పుండు పడినా, పాదం ఎర్రబడి వేడెక్కినా, వాచినా, వేలు నల్లబడినా, పసుపు, సున్నం పెట్టి నాలుగు రోజులు చూద్దామనుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఏమీ లేనప్పుడు కూడా ఏడాదికొకసారి, డాక్టరు అడగకపోయినా సరే, చెప్పులు విప్పి కాళ్లు చూడమని అడగాలి.