కొత్త కొండల్లో నాలుగైదు రోజుల ట్రెక్‌కి రూట్ ఎలా ఎంచుకోవాలి

చాలామంది రూట్‌ని ఫొటో చూసి ఎంచుకుంటారు. ఫోన్‌లో ఒక నీలం రంగు సరస్సో, మంచు మీద జెండా పట్టుకుని నిలబడ్డ ఫ్రెండో కనిపిస్తే చాలు, "ఈసారి ఇక్కడికే" అని గ్రూప్‌లో పెట్టేసి టికెట్లు కూడా తీసేస్తారు. ఆశ పుట్టడం మంచిదే. కానీ ఆ చోట గడిపేది ఒక గంట, మిగతా నాలుగు రోజులు ఎక్కడ పడుకుంటారు, ఎంత ఎత్తులో పడుకుంటారు, మధ్యలో ఒకరికి ఒంట్లో బాలేకపోతే ఎటు దిగితే రోడ్డు తగులుతుంది, ఇవేవీ ఫొటోలో కనపడవు. నేనైతే కొత్త చోటు అనగానే ముందు రెండే చూస్తాను: ఒక్కో రాత్రి ఎక్కడ పడుకుంటాం, ఒక్కో రోజు ఎక్కడిదాకా వెళ్ళాక కూడా తేలిగ్గా వెనక్కి తిరగొచ్చు. వ్యూ సంగతి ఈ రెండూ కుదిరాకే.

మన దగ్గర్నుంచి వెళ్ళేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. మన ఆంధ్రాలో బాగా ఎత్తైన కొండలు, అల్లూరి జిల్లా వైపు ఉన్నవి, 1,700 మీటర్ల లోపే. హైదరాబాద్ ఐదొందల మీటర్ల దగ్గర ఉంటుంది, వైజాగ్ అయితే సముద్రం పక్కనే. ఉత్తరాఖండ్‌లో సాంక్రి అనే ఊరుంది, ట్రెక్ ఇంకా మొదలే అవ్వని ఆ ఊరే దాదాపు 1,950 మీటర్లు. అంటే నల్లమలలో, అరకులో ఎంత నడిచినా కాళ్ళకి అలవాటవుతుంది గానీ ఎత్తు అలవాటవ్వదు, ఈ రెండూ వేరు వేరు.

హిమాలయాల్లో ఎక్కడికెళ్ళాలో అస్సలు తెలియకపోతే శిఖరం కాకుండా ముందు ఒక బేస్ ఊరిని ఎంచుకోండి, ఒకే ఊరి నుంచి తేలిక రూట్, మధ్యస్థం, కష్టం మూడూ ఉండేలా. సాంక్రి అలాంటిదే, డెహ్రాడూన్ నుంచి 200 కిలోమీటర్ల లోపే కానీ కొండ రోడ్డు కాబట్టి ఒక రోజంతా పడుతుంది. అక్కడి నుంచి కేదార్‌కంఠ ఉంది, శిఖరం దాదాపు 3,800 మీటర్లు, ఎక్కువ దారి అడవిలోనే, బేస్ క్యాంప్ నుంచి తేడా వస్తే ఒక్క రోజులో ఊళ్ళోకి దిగిపోవచ్చు. తర్వాత హర్ కీ దూన్, ఇది నది పక్కనే సాగే వ్యాలీ, చివర 3,500 పైచిలుకు మీటర్లు, వెళ్ళిన దారినే వెనక్కి రావడం. ఇక బాలీ పాస్, పాస్ అంటే కొండ వరసని దాటే కనుమ, దాదాపు 4,900 మీటర్లు, ఇటు ఎక్కి అటు యమునోత్రి వైపు దిగాలి. మ్యాప్‌లో మూడూ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి, చేసేవాళ్ళకి మాత్రం మూడు వేరే లోకాలు.

తేడా అంతా రూట్ ఆకారంలోనే ఉంది, వెళ్ళిన దారినే వెనక్కి రావడమా, కొండ దాటి అటు దిగడమా అన్నదాంట్లో. హర్ కీ దూన్ లాంటి వెళ్ళి-వచ్చే దారిలో మీరు దాటొచ్చిన ప్రతి చోటూ మీకు తెలిసిందే, నీళ్ళు ఎక్కడున్నాయో తెలుసు, మధ్యలో ఓస్లా లాంటి ఊళ్ళున్నాయి, వాతావరణం పాడైతే తిరిగి నడవడమే. పాస్ దాటే రూట్ అలా కాదు, ఒక గీత దాటాక వెనక్కి రావడం కన్నా ముందుకు పోవడమే తేలిక అవుతుంది, ఆ గీత ఎక్కడుందో బయల్దేరకముందే మ్యాప్‌లో చూసి పెట్టుకోవాలి. మనాలీ దగ్గర హమ్‌టా పాస్ తీసుకోండి, 4,270 మీటర్లు, బాలూ కా ఘేరా క్యాంప్ వరకు ఎప్పుడైనా వెనక్కి దిగొచ్చు, పాస్ దాటి శియా గోరు వైపు దిగారంటే ఇక అవతల రోడ్డు తగిలే ఛత్రూ దాకా వెళ్ళాల్సిందే. అందుకే ఆ పాస్ రోజు పొద్దున్న ఆకాశం బాలేకపోతే ఘేరాలోనే ఒక రోజు ఆగే వీలు ప్లాన్‌లో ఉండాలి. మొదటిసారి కొత్త కొండలకి వెళ్తున్నవాళ్ళకి నా సలహా ఒకటే, వెళ్ళి-వచ్చే వ్యాలీ రూట్ ఎంచుకోండి. "వచ్చిన దారినే మళ్ళీ నడవడం బోర్ కదా" అంటారు, అదేం లేదు, పొద్దున్న చూసిన లోయ సాయంత్రం వెలుగులో వేరేలా ఉంటుంది, పైగా హర్ కీ దూన్ చివర్లో కనపడే స్వర్గారోహిణి మీదుగానే పాండవులు స్వర్గానికి వెళ్ళారని అక్కడివాళ్ళ నమ్మకం, భారతం విని పెరిగినవాళ్ళకి ఆ కొండ ఎదురుగా కూర్చోవడం ఎంత బాగుంటుందో వెళ్తే మీకే తెలుస్తుంది.

ఇప్పుడు రాత్రుల లెక్క. ఒక కాగితం మీద ప్రతి రాత్రి పడుకునే చోటు ఎత్తు వరసగా రాయండి, పగలు ఎంత ఎత్తు ఎక్కారన్నది కాదు, పడుకునేది ఎంత ఎత్తులో అన్నదే లెక్క. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఎత్తు పెంచకుండా ఒక రాత్రి ఆగాలి, ఇది డాక్టర్లు ఇచ్చే మామూలు సూత్రం. హర్ కీ దూన్‌కే వేసి చూడండి: సాంక్రి 1,950, ఓస్లా దగ్గర సుమారు 2,550, తర్వాత నేరుగా హర్ కీ దూన్ 3,560. చివరి రోజు ఒక్క దెబ్బకి వెయ్యి మీటర్లు పెరిగింది కదా, అందుకే మధ్యలో సుమారు 3,000 దగ్గర కల్కత్తియాధార్‌లో ఒక రాత్రి పడుకుంటే లెక్క చాలావరకు సరిపోతుంది. లేదంటే అక్కడే క్యాంప్ ఉంచేసి పైకి పగలు వెళ్ళి చూసి సాయంత్రానికి కిందకి వచ్చేయొచ్చు, నాకు ఇదే ఇంకా మంచిదనిపిస్తుంది. ఏదైనా ప్యాకేజీ వాళ్ళ ప్లాన్ చూసినా ముందు ఈ లెక్కే వేయండి, ఒక రోజు మిగల్చడానికి రాత్రి తీసేసిన ప్లాన్ వెంటనే బయటపడుతుంది.

లేహ్‌కి ఫ్లైట్‌లో వెళ్ళేవాళ్ళు ఇంకా జాగ్రత్త, పొద్దున్న హైదరాబాద్‌లో టిఫిన్ తిని మధ్యాహ్నానికల్లా 3,500 మీటర్ల దగ్గర దిగుతారు, అక్కడ కనీసం రెండు రోజులు ఊరికే ఉండాలి. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం వస్తే పైకి వెళ్ళడం ఆపాలి. తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం, తూలిపోతూ నడవడం, మాట తడబడటం కనిపిస్తే రాత్రయినా సరే మనిషిని తోడిచ్చి వెంటనే కిందకి దింపాలి, ఊపిరితిత్తుల్లో లేదా మెదడులో నీరు చేరుతున్న లక్షణాలవి, ప్రాణం మీదకొస్తుంది. ఎత్తు పడకపోవడానికి వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది మీ డాక్టర్‌ని అడగండి, ఫ్రెండ్‌ని కాదు.

దూరం చూసి మోసపోవద్దు. "రోజుకి 12 కిలోమీటర్లే కదా, ట్యాంక్‌బండ్ మీద రోజూ ఎనిమిది నడుస్తా" అనేవాళ్ళని చాలామందిని చూశాను. స్కాట్లాండ్‌లో నైస్మిత్ అనే ఆయన 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకి ఒక గంట, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. 12 కిలోమీటర్లు, వెయ్యి మీటర్ల ఎక్కుడు అంటే నాలుగు గంటలు. వీపున పన్నెండు కిలోల బ్యాగ్, గాలి పల్చగా ఉండటం, రాళ్ళదారి, ఇవన్నీ కలిపి నేను దానికి ఇంకో సగం వేస్తాను, ఆరు గంటలు, తిండికి ఆగడం వేరే. పొద్దున్న ఏడుకి బయల్దేరితే రెండు మూడింటికి క్యాంప్ చేరేలా దారిని రోజులుగా విడగొట్టుకోవాలి, ఎందుకంటే అక్కడ మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టడం మామూలే. ఇంకోటి, మంచు కరిగి వచ్చే వాగులు పొద్దున్న మోకాలి కింద ఉంటే సాయంత్రానికి నడుం దాకా రావచ్చు, దారిలో వంతెన లేని వాగు ఉంటే అది పొద్దున్నే దాటేటట్టు ముందు రోజు క్యాంప్ జరపండి.

మ్యాప్ చదవడం అంత కష్టమేం కాదు. కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు, దగ్గర దగ్గరగా ఉంటే నిట్టనిలువు, ఎడంగా ఉంటే చదును, క్యాంప్ వేయాలంటే ఎడంగా ఉన్నచోట, నీళ్ళ దగ్గర, కానీ వాగు గట్టున కాదు. ఓస్మ్‌అండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లలో మ్యాప్‌ని ఆఫ్‌లైన్‌లో దించుకుని, గూగుల్ ఎర్త్‌లో కొండని తిప్పి తిప్పి చూడండి, ఏ వాలు ఉత్తరం వైపు ఉందో గమనించండి, ఎండ తగలదు కాబట్టి మంచు అక్కడ వారాల తరబడి ఎక్కువ నిలుస్తుంది, దక్షిణం వాలు ఎండిపోయినా పాస్ అవతల ఉత్తరం వాలు మీద గట్టి మంచు ఉండొచ్చు. ఎవరో నడిచిన దారిని ఫోన్‌లో రికార్డు చేసి పెట్టిన జీపీఎస్ ట్రాక్ దొరికితే సంతోషమే, కానీ ఏ నెలలో నడిచిందో చూడండి, అక్టోబర్ ట్రాక్ మే నెలలో మంచు కింద ఉంటుంది. రిడ్జ్ మీద, అంటే కొండ వెన్ను మీద వెళ్ళే రూట్లలో వ్యూ బాగుంటుంది గానీ నీళ్ళు దొరకవు, వ్యాలీ రూట్లలో నీళ్ళకి లోటుండదు, ఇది కూడా మ్యాప్‌లోనే తెలిసిపోతుంది.

మన సెలవులకి తగ్గట్టు రూట్ మార్చుకోవాలి గానీ రూట్ మీద ప్రేమతో సీజన్‌ని పట్టించుకోకపోతే కుదరదు. వేసవి సెలవులు, అంటే మే నెల, హర్ కీ దూన్ లాంటి వ్యాలీలకి బాగుంటుంది, ఎత్తైన పాస్‌లలో ఇంకా బాగా మంచు ఉంటుంది. జూన్ చివర్నుంచి సెప్టెంబర్ మధ్య దాకా ఉత్తరాఖండ్, కుల్లూ వైపు వానలు, కొండచరియలు పడి రోడ్లే మూసుకుపోతాయి, 2013 జూన్‌లో కేదార్‌నాథ్‌లో ఏం జరిగిందో మన ఊళ్ళల్లో మర్చిపోని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆగస్టు 15 లాంగ్ వీకెండ్‌కే వెళ్ళాలంటే వానలు తక్కువ పడే లద్దాఖ్, స్పితి వైపు చూడండి. దసరా సెలవులు నాకు అన్నిటికన్నా ఇష్టం, వాన కడిగేశాక ఆకాశం తేటగా ఉంటుంది, చలి భరించగలిగేంత ఉంటుంది. సంక్రాంతికి అయితే కేదార్‌కంఠ లాంటి మంచు ట్రెక్, కానీ జనం విపరీతం, రాత్రి సున్నా కిందకి బాగా పోతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని గుర్తుపెట్టుకుని స్లీపింగ్ బ్యాగ్ చూసుకోండి. సీజన్ మంచిదే అయినా గ్యారంటీ ఏమీ లేదు, 2024 జూన్ మొదట్లో ఉత్తరకాశి వైపు సహస్రతాల్ ట్రెక్‌లో కర్ణాటక నుంచి వెళ్ళిన గుంపు మంచు తుఫానులో చిక్కుకుని 9 మంది చనిపోయారు. వాళ్ళని తప్పుపట్టడానికి చెప్పట్లేదు, ఆగడానికి ఒక రోజు, తిరగడానికి ఒక చోటు ప్లాన్‌లో ఉండాలని చెప్తున్నా.

పాత ప్లాన్లు కాపీ కొట్టేముందు రూల్స్ మారాయేమో చూడండి. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్స్ మీద, అంటే పైనుండే గడ్డి మైదానాల్లో, రాత్రి క్యాంపింగ్ ఆపేసింది, రూప్‌కుండ్ దారిలో బేద్నీలో గుడారం అని రాసి ఉన్న పాత ప్లాన్లు దాంతో పనికిరాకుండా పోయాయి. వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌లో లోపల పడుకోనివ్వరు, ఘాంఘరియాలో ఉండి పగలు వెళ్ళి రావాలి. డార్జిలింగ్ వైపు సింగలీలా పార్క్ వానాకాలం మూసేస్తారు. సాంక్రి రూట్లకి గోవింద్ పార్క్ పర్మిట్ నైట్వాడ్ చెక్‌పోస్ట్‌లో తీసుకోవాలి, ఆధార్ కాపీలు రెండు మూడు పెట్టుకోండి.

తిండి కూడా రూట్‌ని మారుస్తుంది. మనిషికి రోజుకి 600, 700 గ్రాముల పొడి తిండి వేసుకుంటే ఆరు రోజులకి నాలుగు కిలోలు, అందుకే మధ్యలో ఊరుండే రూట్ అయితే మోత తగ్గుతుంది. 3,500 మీటర్ల దగ్గర నీళ్ళు 88 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకదు, గ్యాస్ అయిపోతుంది. వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, కందిపొడి, నువ్వుండలు తీసుకెళ్ళండి. గ్యాస్ డబ్బాలు ఫ్లైట్‌లో ఎక్కించరు, డెహ్రాడూన్‌లోనో మనాలీలోనో కొనాలి.

బేస్ ఊరు చేరాక ప్లాన్ మళ్ళీ ఒకసారి తెరవండి. టీ కొట్టు దగ్గర, కంచర గాడిదలు తోలేవాళ్ళని, గొర్రెల కాపరులని అడగండి: "బర్ఫ్ కహా తక్ హై" (మంచు ఎక్కడిదాకా ఉంది), "పుల్ ఠీక్ హై క్యా" (వంతెన బాగుందా), "ఊపర్ పానీ మిలేగా" (పైన నీళ్ళు దొరుకుతాయా). హిందీ అంతంత మాత్రమే వచ్చినా ఈ మూడు ప్రశ్నలు చాలు, కానీ ఒక్కరిని కాదు, ఇద్దరు ముగ్గుర్ని అడగండి, ముగ్గురూ పైకి వద్దంటే వద్దు. మొదటిసారి అయితే ఆ ఊరి గైడ్‌ని పెట్టుకోండి, ఆ డబ్బు ఆ ఊరికే పోతుంది, దారి తప్పినా వాతావరణం మారినా ఏం చేయాలో ఆయనకి తెలుసు.

ఇంట్లో ఒక కాగితం వదలండి, అందులో ప్రతి రాత్రి క్యాంప్ పేరు, గైడ్ నంబర్, ఏ రోజు సాయంత్రానికి ఫోన్ చేస్తారో, ఆ రోజు రాకపోతే ఎన్ని గంటలు ఆగి ఎవరికి ఫోన్ చేయాలో రాయండి. పైన సిగ్నల్ ఉండదు, లద్దాఖ్, కశ్మీర్‌లో బయట రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అసలు పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. విదేశాల నుంచి వచ్చే మనవాళ్ళకి ఒక మాట, అక్కడ అలవాటుగా వాడే శాటిలైట్ ఫోన్లు, మెసెంజర్లు ఇక్కడ పర్మిషన్ లేకుండా తెస్తే ఎయిర్‌పోర్ట్‌లోనే పట్టుకుంటారు, ఇంట్లో పెట్టి రండి. తిరుగు టికెట్ మాత్రం ట్రెక్ అయిపోయిన రోజుకి కాకుండా కనీసం ఒక రోజు, వానాకాలానికి దగ్గరగా అయితే రెండు రోజులు వదిలి తీసుకోండి, ఫ్లైట్ పోతుందన్న కంగారులోనే చాలామంది ఆగాల్సిన చోట ఆగకుండా నడుస్తారు.