టర్బో పెట్టించే ముందు ఫ్యూయల్ పంపు సత్తా ఎలా చూడాలి?

నెల్లూరులోనో ఒంగోలులోనో కారుకు టర్బో పెట్టించాలనుకునేవాళ్ల మాటలన్నీ టర్బో ధర చుట్టూ, ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చుట్టూ తిరుగుతాయి. ట్యాంకులో మునిగి ఉన్న పంపు సంగతి ఎవరికీ పట్టదు. టర్బో ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెడుతుంది. గాలి పెరిగి పెట్రోలు చాలకపోతే నాకింగ్ (సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి మండి టకటకమనడం) మొదలై, చివరికి పిస్టన్లకే ఎసరు వస్తుంది.

ముందు లెక్క వేసుకోండి. టర్బో పెట్రోలు ఇంజిన్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.37 లీటర్లు కావాలి. 150 హార్స్‌పవర్ అనుకుంటే 55 లీటర్లు. జాగ్రత్త కోసం ఇంకో 20 శాతం చేర్చితే గంటకు 66, అంటే 30 సెకన్లకు 550 మిల్లీలీటర్లు. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలుకు మరో 7, 8 శాతం ఎక్కువ పడుతుంది కాబట్టి 600 అనుకోవడం మేలు.

పంపు 30 సెకన్లలో ఎంత పోస్తుందో కొలిచే ఈ పరీక్ష పోర్ట్ ఇంజెక్షన్ (సిలిండర్ బయటి గాలి దారిలో పెట్రోలు చిమ్మే) పెట్రోలు కార్లకే. డైరెక్ట్ ఇంజెక్షన్, కామన్ రైల్ డీజిల్ కార్లలో హై ప్రెషర్ లైను జోలికి పోవద్దు, ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. పని ఆరుబయట, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, మనిషి తోడుండగా చేయండి. రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం అసలు వద్దు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, సర్వీసు గుంతలో నిలిచిపోతుంది కాబట్టి కారును గుంత మీద పెట్టకండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉండాలి.

పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ ఆగిపోయే దాకా నడిపితే లైన్లో ప్రెషర్ దిగిపోతుంది. రైల్‌కు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టానికి) ప్రెషర్ గేజ్ బిగించండి. ప్రెషర్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ నుంచి ట్యాంకుకు వెళ్లే రిటర్న్ పైపు విప్పి, పొడవాటి పెట్రోలు పైపుతో కొలత గీతలున్న డబ్బాలోకి మళ్లించండి. తీసిన ఫ్యూజు మళ్లీ పెట్టి, పంపుకు కరెంటు ఇచ్చే రిలే తీసి, దాని సాకెట్‌లోని 30, 87 పిన్నులను ఫ్యూజూ స్విచ్చూ ఉన్న వైరుతో కలపండి. స్విచ్చు డబ్బాకు దూరంగా ఉండాలి, ఒక్క నిప్పురవ్వ చాలు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. ప్రెషర్ లేకుండా డబ్బాలోకి వదిలితే ముసలి పంపు కూడా జోరుగా పోస్తుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ ధార తగ్గుతుంది, వోల్టేజీ తగ్గినా అంతే. అందుకని చార్జర్ తగిలించి పంపు దగ్గర 13.5 వోల్టులు ఉండేలా చూడండి. మామూలు ప్రెషర్ 3 బార్, టర్బో బూస్ట్ (అది అదనంగా నెట్టే గాలి ప్రెషర్) 0.7 బార్ అయితే 3.7 దగ్గర కొలవాలి. రెగ్యులేటర్ వాక్యూమ్ పైపు తీసి, అక్కడ సైకిల్ పంపుతో 0.7 బార్ గాలి ఇస్తే సరి. స్విచ్చు వేసి 30 సెకన్లు పట్టండి, రెండు మూడుసార్లు.

రిటర్న్ పైపు లేని కార్లలో రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉంటుంది. వాటికి సప్లై లైన్లో గేజ్, వాల్వ్ పెట్టి, వాల్వ్ కొద్దికొద్దిగా మూస్తూ కొలవాలి. లోపలి రెగ్యులేటర్ మామూలు ప్రెషర్ దాటనివ్వదు, బూస్ట్ ప్రెషర్ కావాలంటే రెగ్యులేటరే మార్చాలి.

కొలత తక్కువొస్తే వెంటనే కొత్త పంపు కొనకండి. ముందు ఫిల్టరు, ట్యాంకులోని జల్లెడ, ఎర్త్ కనెక్షన్ చూడండి. పంపు తిరుగుతుండగా దాని పిన్నుల దగ్గర వోల్టేజీ బ్యాటరీ కన్నా ఒక వోల్టు తక్కువుంటే లోపం వైరింగ్‌లో ఉన్నట్టే.

టర్బో బిగించాక ఫుల్ యాక్సిలరేటర్ మీద గేజ్ చూడాలి, ముల్లు కిందికి జారితే వెంటనే కాలు తీసేయండి. ఇది 16వ నంబరు హైవే మీద చేసే పని కాదు, డైనో (బండి నిలిచిన చోటే చక్రాలు తిప్పి శక్తి కొలిచే యంత్రం) మీద చేయండి. కంపెనీ ఇచ్చిన ఇంజిన్‌ను మార్చిన బండి రోడ్డెక్కాలంటే ఆర్టీవో అనుమతి కూడా ముందే అడగాలి.