పేగుపూత తిరగబెట్టిందనుకునే ముందు: బెంగళూరు రోగులకు మలపరీక్ష గురించి

అల్సరేటివ్ కొలైటిస్‌తోనో క్రోన్స్ వ్యాధితోనో (పేగు లోపల వాపు, పుళ్ళు వచ్చే ఈ దీర్ఘకాలిక జబ్బులనే ఇక్కడ పేగుపూత అంటున్నాను) ఏళ్ళ తరబడి నెట్టుకొస్తున్నవారికి తమ పేగు తీరు తమకు తెలుసునన్న ధీమా ఒకటి ఏర్పడుతుంది. రెండు రోజులు విరేచనాలు పెరిగి మూడో రోజు కాస్త నెత్తురు కనబడగానే, తిరగబెట్టిందని తామే తేల్చేసుకుని, పాత చీటీ వెతికి స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టేవారు నాకు తెలిసినవారిలోనే చాలామంది ఉన్నారు. పేగుపూత తిరగబెట్టినా, సాల్మొనెల్లా, షిగెల్లా, కాంపైలోబాక్టర్ వంటి బాక్టీరియా పేగులో చేరినా రోగికి కనిపించేవి అవే నెత్తురు, జిగట, మెలిపెట్టే నొప్పి, నీరసం. రక్తంలో వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రొటీన్ రెండింటిలోనూ పెరుగుతుంది. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ కూడా పెరుగుతుంది కనుక అది వాపు ఉందని చెప్పగలదే గాని, ఆ వాపు ఎందువల్ల వచ్చిందో చెప్పలేదు. ఇన్‌ఫెక్షన్ ఉందని తెలియకుండా స్టెరాయిడ్ పెంచితే, దానితో పోరాడవలసిన రోగనిరోధక శక్తినే మనం తగ్గించినవారమవుతాము. అందువల్ల కొత్త మాత్ర ఏదీ మింగకముందే మలం నమూనా లాబుకు చేరాలి.

బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఉన్న రోజుల్లో నేను ఈ క్రమాన్ని తలకిందులు చేశాను. వీధి చివరి మందుల దుకాణంలో విరేచనాలని చెప్పగానే, చీటీ అడగకుండా, ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన యాంటీబయాటిక్ మాత్రల పట్టీ ఒకటి, విరేచనాలు ఆపే లోపెరమైడ్ నాలుగు మాత్రలు చేతిలో పెట్టారు. వెళ్ళే సార్లు తగ్గాయి గాని పొట్ట డప్పులా బిగిసింది. నాలుగో రోజున డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన మలం కల్చర్ (నమూనాలోని బాక్టీరియాను లాబులో పెంచి చూసే పరీక్ష) చేయించారు, అందులో ఏమీ పెరగలేదు. అప్పటికే యాంటీబయాటిక్ పడి ఉండడం వల్ల అది నిజంగా ఏమీ లేకనో, ఉన్నది కనబడకనో ఆయన కూడా చెప్పలేకపోయారు. పెద్దపేగు వాచి ఉన్నప్పుడు లోపెరమైడ్ వంటి మందు పేగు కదలికను ఆపి, పేగు ప్రమాదకరంగా ఉబ్బిపోయే టాక్సిక్ మెగాకోలన్‌కు దారితీయవచ్చన్న సంగతి కూడా నాకు ఆ రోజే తెలిసింది.

నమూనా సేకరించడం చిన్న పనిలా కనిపిస్తుంది గాని, పరీక్ష చాలాసార్లు అక్కడే పాడవుతుంది. మందుల దుకాణంలో దొరికే, మూతకు చిన్న చెంచా అతికించి ఉన్న స్టెరైల్ డబ్బా కొనుక్కోవాలి. ముందుగా మూత్రం పోసేసి, వాడి పారేయదగిన పొడి ప్లాస్టిక్ గిన్నెలోకి విరేచనం పట్టి, అందులో నెత్తురు గాని జిగట గాని ఉన్న భాగాన్ని రెండు మూడు చెంచాలు డబ్బాలోకి తీసుకోవాలి. కమోడ్‌లోని నీరు, చేతి షవర్ నీరు, మూత్రం అందులో కలవకూడదు. డబ్బా మీద పేరుతో పాటు సేకరించిన సమయం రాయాలి. రెండు గంటల లోపల లాబుకు చేరడం మంచిది. ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డు కూడలి దాటి వెళ్ళవలసి వస్తే ఆ రెండు గంటలు ఎలా కరిగిపోతాయో ఈ ఊరివారికి చెప్పనక్కరలేదు కనుక దగ్గరలోని లాబునే ఎంచుకోవాలి, లేదా చేరేవరకు డబ్బాను మరో కవర్లో మూసి ఫ్రిజ్‌లో ఉంచే వీలు చూసుకోవాలి. ఇంటికి వచ్చి తీసుకెళ్ళే కుర్రవాడు ఉదయం ఏడింటికి తీసుకున్న డబ్బాను ఇంకా పది ఇళ్ళు తిప్పి ఎన్నింటికి లాబులో ఇస్తాడో అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

డాక్టరు చీటీలో సాధారణ మలపరీక్ష, కల్చర్, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా టాక్సిన్ (అది వదిలే విషం) పరీక్ష ఉన్నాయో లేదో చూసుకోవాలి. మొదటిదానిలో మైక్రోస్కోపు కింద అమీబా వంటివి కనబడతాయి. కల్చర్ ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. మూడోది చాలాసార్లు చీటీలో ఉండదు, అడిగి రాయించుకోవలసి వస్తుంది. పేగుపూత రోగులకు అన్నింటికన్నా ముఖ్యమైనది అదే అని నా అభిప్రాయం.

ఈ క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్‌ను 2016 వరకు క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనేవారు. ఇప్పటికీ ఆస్పత్రుల్లో అందరూ సి. డిఫ్ అనే అంటారు. సాధారణంగా యాంటీబయాటిక్ వాడి పేగులోని మంచి బాక్టీరియా తగ్గినవారికి ఇది పట్టుకుంటుంది. అయితే పెద్దపేగులో వ్యాధి ఉన్నవారికి ఏ యాంటీబయాటిక్ వాడకపోయినా, ఆస్పత్రి గడప తొక్కకపోయినా రావచ్చు. మామూలు రోగుల్లో కొలనోస్కోపీలో (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షలో) కనిపించే పసుపుపచ్చని పొరలు పేగుపూత రోగుల్లో తరచుగా కనిపించవు, కనుక కంటితో చూసి కాదనడానికి వీల్లేదు. పరీక్షలో మొదట జీడీహెచ్ (ఈ బాక్టీరియా తయారుచేసే ఒక ఎంజైమ్), టాక్సిన్ రెండూ చూస్తారు. ఆ రెండూ పొసగనప్పుడు పీసీఆర్ అనే జన్యుపరీక్ష చేస్తారు. పీసీఆర్ టాక్సిన్ తయారుచేసే జన్యువును మాత్రమే పట్టుకుంటుంది, కాబట్టి జబ్బు లేకుండా బాక్టీరియాను మోస్తున్నవారికి కూడా పాజిటివ్ రావచ్చు. గట్టిగా ఉన్న మలంపై ఈ పరీక్ష చేయించకూడదనడానికి కారణం అదే. చికిత్సకు ఒకప్పుడు మెట్రోనిడజోల్ రాసేవారు, ఇప్పుడు అది మొదటి ఎంపిక కాదు. వాంకోమైసిన్ 125 మిల్లీగ్రాములు రోజుకు నాలుగుసార్లు, 10 రోజులు, అదీ నోటి ద్వారా ఇస్తారు. నరంలోకి ఎక్కిస్తే పేగులోకి చేరదు. క్యాప్సూల్ దొరకనప్పుడు ఇంజెక్షన్ సీసాలోని పొడినే నీటిలో కలిపి తాగమంటారు. సూదిమందు తాగమంటున్నారేమిటని కంగారుపడనక్కరలేదు.

ఫలితం కోసం ఎదురుచూసే రోజుల్లో, పేగు వాపును అదుపులో ఉంచడానికి రోజూ వాడే మెసలమైన్ మానకూడదు. ముందునుంచీ స్టెరాయిడ్ వాడుతున్నవారు దాన్ని ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు కొనసాగించాలా, కొన్నాళ్ళు వాయిదా వేయాలా అన్నది డాక్టరే తేల్చాలి. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వేసుకోకుండా పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవాలి. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లాన్ని పూర్తిగా ఒక లీటరు నీటిలోనే కలపాలి. టెట్రా ప్యాక్‌లో తియ్యగా అమ్మే పానీయాలన్నీ ఓఆర్‌ఎస్ కావు.

కొన్ని సందర్భాల్లో ఎదురుచూడకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. 1955లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ట్రూలవ్, విట్స్ చెప్పిన కొలతలే ఇప్పటికీ పనికొస్తున్నాయి. రోజుకు ఆరు లేదా అంతకు మించి రక్తవిరేచనాలు అవుతూ, వాటితో పాటు నాడి నిమిషానికి 90 దాటడం, జ్వరం దాదాపు 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం, హిమోగ్లోబిన్ 10.5 కన్నా తగ్గడం, ఈఎస్ఆర్ (వాపును సూచించే మరో రక్తపరీక్ష) 30 దాటడం వంటి వాటిలో ఒక్కటి తోడైనా అది తీవ్రమైన స్థితి. పొట్ట ఉబ్బి, విరేచనాలు ఉన్నట్టుండి ఆగిపోతే కూడా వెళ్ళాలి. చాలామంది అది తగ్గుముఖమని పొరబడతారు.

మన దేశంలో మరచిపోకూడనిది పేగు క్షయ. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట అది అచ్చం క్రోన్స్ లాగే కనిపిస్తుంది. వారాల తరబడి సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ మొదలుపెట్టే ముందు క్షయ పరీక్షలు చేసేది కూడా నిద్రపోతున్న క్షయ లేస్తుందన్న భయంతోనే.

ఇక నీళ్ళ సంగతి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ఊళ్ళో చాలామంది ట్యాంకర్ల మీద ఆధారపడినప్పుడు, సంపులోకి ఏ నీరు వచ్చిపడిందో పీజీ యజమానికే తెలియదు. క్యాన్ నీటిని కూడా మరిగించి తాగడమే నా పద్ధతి. మెస్‌లో పప్పు, చారు వేడిగా ఉంటే భయం లేదు. మధ్యాహ్నం నుంచి బల్ల మీద ఉన్న కొబ్బరి చట్నీ, కోసిన ఉల్లి, కీర ముక్కలు వదిలేయాలి. సి. డిఫ్ తేలినవారు పంచుకునే బాత్రూమ్ విషయంలో జాగ్రత్త పడాలి. దాని బీజాలు శానిటైజర్‌కు చావవు, సబ్బుతో చేతులు రుద్ది కడగడం వల్ల మాత్రమే పోతాయి. కమోడ్, ఫ్లష్ బటన్, కుళాయి పిడి మాత్రం ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీరు కలిపి తుడవాలి.

మందు పూర్తయి విరేచనాలు తగ్గితే, పోయిందో లేదోనని మళ్ళీ పరీక్ష చేయించనక్కరలేదు, వారాలపాటు పాజిటివ్‌గానే రావచ్చు. తగ్గినట్టే తగ్గి తర్వాతి రెండు నెలల్లో మళ్ళీ పెరిగితే మాత్రం, పాత చీటీ జోలికి పోకుండా, కొత్త డబ్బా కొనుక్కుని మొదటినుంచి మొదలుపెట్టాలి.