చర్చి ట్రస్టీ పని నేర్చుకుందాం – 3వ పాఠం: పైకప్పు డబ్బు, గ్యాస్ బిల్లు

పోయిన పాఠంలో మీ చర్చి నియమావళి తెచ్చి చదవమన్నాను. చదవకపోతే దీన్ని పక్కన పెట్టి ముందు అది చదవండి, తొందరేం లేదు. మనం మాట్లాడుకుంటున్నది ఇంగ్లండ్, వేల్స్‌లో ఛారిటీగా నడిచే చర్చిల గురించి. అక్కడి మన తెలుగు సంఘాల్లో "సంతకమే కదా" అని ట్రస్టీగా (అంటే సంఘం డబ్బుకీ పనులకీ చట్టం ముందు బాధ్యులుగా) పేరిచ్చి, తర్వాత టెన్షన్ పడేవాళ్ల కోసమే ఈ పాఠాలు.

ఇవాళ కానుకల లెక్క. ఉదాహరణకి ఒక సంఘం అనుకోండి. మందిరం పైకప్పు కారుతోంది. ఆదివారం ఆరాధనలో పాస్టర్ గారు "పైకప్పు కోసం ఇవ్వండి" అన్నారు, 8,000 పౌండ్లు వచ్చాయి. ఇంతలో చలికాలం గ్యాస్ బిల్లు 1,200 పౌండ్లు వచ్చి పడింది. మామూలు కానుకల్లో మిగిలింది 300. ట్రెజరర్ అంటాడు: "అన్నా, పైకప్పు డబ్బులోంచి కట్టేద్దాం, వచ్చే నెల తిరిగి వేసేద్దాం. అంతా దేవుని డబ్బే కదా!"

తిరిగి వేసేద్దాం అన్నా సరే, కుదరదు. ఫలానా పనికని అడిగి తీసుకున్నది రిస్ట్రిక్టెడ్ ఫండ్. ఆ పనికే ఖర్చవ్వాలి. ఏమీ చెప్పకుండా పెట్టెలో వేసిన కానుకే సంఘం అవసరాలకు. తప్పుగా ఖర్చు పెడితే ట్రస్టీలు సొంత జేబులోంచి పూడ్చాల్సి రావచ్చు. "అది ట్రెజరర్ చూసుకుంటాడు, నాకేం తెలుసు" అంటే చెల్లదు, బాధ్యత అందరిదీ. గ్యాస్ కంపెనీని వాయిదాలు అడగండి, సంఘానికి ఉన్నమాట చెప్పండి, ఆ నిర్ణయం మినిట్స్‌లో (మీటింగు రికార్డులో) రాయండి.

ఇక్కడ చాలామంది తికమకపడేది ఒకటుంది. మామూలు కానుకల్లోంచి ట్రస్టీలే "ఈ 2,000 కొత్త కీబోర్డుకి" అని పక్కన పెడితే అది రిస్ట్రిక్టెడ్ కాదు, డిజిగ్నేటెడ్. పెట్టింది మీరే కాబట్టి తీర్మానం చేసి మీరే మార్చుకోవచ్చు. దాత పెట్టిన షరతు మాత్రం మీ తీర్మానంతో పోదు.

గిఫ్ట్ ఎయిడ్ (దాత కట్టిన పన్నులోంచి కొంత ఛారిటీకి వచ్చే పథకం) కూడా చూడండి. అర్హత ఉన్న దాత ఇచ్చిన ప్రతి పౌండుకి 25 పెన్నీలు పన్ను శాఖ నుంచి వస్తాయి. పైకప్పుకిచ్చిన పౌండు మీద వచ్చిన 25 పెన్నీలూ, వేరే మాట లేకపోతే, పైకప్పు ఖాతాలోకే.

అసలు చిక్కంతా అడిగిన తీరులో ఉంది. పని 7,000లో అయిపోయిందనుకోండి, మిగిలిన వెయ్యి? దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడలేరు, ఛారిటీల చట్టంలో దానికో పద్ధతి ఉంది. ముందే ఇలా అడిగి ఉంటే సరిపోయేది: "పైకప్పు మరమ్మతు కోసం. డబ్బు మిగిలినా, పని కుదరకపోయినా సంఘం సాధారణ అవసరాలకు వాడతాం." ఈ రెండు వాక్యాలు పల్పిట్ మీద, నోటీసులో, వాట్సాప్ గ్రూపులో ఒకేలా ఉండాలి. పాస్టర్ గారు మైక్ పట్టుకోకముందే ట్రస్టీలు వాటిని ఒప్పుకోవాలి. నన్నడిగితే, ట్రస్టీల మీటింగుల్లో అన్నిటికన్నా పనికొచ్చే పది నిమిషాలు ఇవే.

ఈ వారం అభ్యాసం: పోయిన ఏడాది మీ సంఘంలో ప్రత్యేకంగా అడిగిన కానుకలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన అప్పుడు అన్న మాటలు, ఖర్చయింది, మిగిలింది రాసుకోండి. ఎక్కడైనా "మిగిలింది" గడి దగ్గర పెన్ను ఆగితే ఆ కాగితం తదుపరి మీటింగుకి పట్టుకెళ్లండి. వచ్చే పాఠం పాస్టర్ గారి జీతం గురించి: ఆ చర్చప్పుడు గదిలోంచి ఎవరు లేచి వెళ్లాలి?